ఖమీర్ సబ్బుకి పొడి రూపం ఎందుకు?

బక్రీద్ మర్నాడు మా అమ్మీ చేతులు చూడాలి. చర్బీ గడ్డకట్టిన దేగ్చీలు, చల్లటి నీళ్లు, కారపు సబ్బుపొడి. వేళ్ల సందుల్లో పగుళ్లు ఈద్ పోయిన వారం దాకా మానేవి కావు. దాదీ కాలంలో రీఠా ఉండేది. కుంకుడుకాయే. నురగ తక్కువ, చేతులకు సుకూన్.

అదే తరహా నురగను ఇప్పుడు ఖమీర్‌తో చేయిస్తున్నారు. స్టార్మెరెల్లా బాంబికోలా అనే ఈస్ట్‌కి చక్కెర, వంటనూనె పెడితే సోఫోరోలిపిడ్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. దానికి ఒక కొస నీళ్లతో, రెండో కొస జిడ్డుతో దోస్తీ. మట్టిలో సులువుగా కలిసిపోతుంది కూడా. 1961లో కెనడాలో శాస్త్రవేత్తలు దీన్ని వెలుగులోకి తెచ్చారు. జపాన్‌లో సరాయా కంపెనీ గిన్నెలు తోమే సరుకులో వాడుతోంది.

చిక్కు ఎక్కడంటే, పీపాలో తయారయ్యేది తేనెలాంటి బంక. అడుగున చేరుతుంది, మోయడం కష్టం, సబ్బుపొడిలో కలవదు. అందుకే దాన్ని పాలపొడి చేసినట్టే చేస్తారు. సన్నటి తుంపరగా వేడిగాలిలోకి చిమ్ముతారు. నీరు క్షణాల్లో ఎగిరిపోతుంది. ఆవిరయ్యే నీరే చుక్కను చల్లగా ఉంచుతుంది కాబట్టి లోపలి సరుకు మాడదు. కానీ బంక బంకే! గోడలకు అంటుకుంటుంది. అంటకుండా మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటి పిండిపదార్థం కలపడం ఒక రివాజు.

నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. పొట్లం మీద 'సహజం' అని పెద్ద అక్షరాల్లో రాస్తే సరిపోదు జనాబ్. లోపల సోఫోరోలిపిడ్ ఎంత, పిండి ఎంత? ఈస్ట్‌కి పెట్టింది పామాయిలా, పొద్దుతిరుగుడా, జంతువుల చర్బీయా? ఈ చివరి సవాల్ మన ఇళ్లలో ఎవరైనా అడుగుతారు, అడిగే హక్కు కూడా ఉంది.

ఇంకోటి, కిలో నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 2,260 కిలోజౌళ్ల వేడి కావాలి. యంత్రంలో పోయే వేడి దీనికి అదనం. ఊళ్లోనే తయారై ఊళ్లోనే ఖర్చయ్యే సరుకును ఎండబెట్టడం ఫిజూల్ ఖర్చు, ద్రవంగానే అమ్మండి. దూరం పంపాలన్నా, పొడుల్లో కలపాలన్నా ఎండబెట్టండి. అప్పుడైనా ముందు వీలైనంత చిక్కబరచాకే.

రంజాన్‌లో సమోసాలు, పకోడీలు వేయించాక మిగిలే నల్లటి నూనె గుర్తొస్తోంది. వాడిన నూనెను డీజిల్‌గా మార్చేందుకు 2018లో ఫుడ్ సేఫ్టీ శాఖ 'రూకో' పథకం మొదలుపెట్టింది. అలాంటి నూనెతో సోఫోరోలిపిడ్ చేయవచ్చని ప్రయోగశాలల్లో ఇప్పటికే తేలింది. శుభ్రం చేసిన ఆ నూనెలో కొంత ఈ ఖమీర్‌కి ఇస్తే ఖర్చు కొంతైనా దిగుతుంది.

అమ్మీకి ఇదంతా చెప్పాను. "ముందు ఒక పుడియా తెచ్చివ్వు బేటా, దేగ్చీ తోమి చూస్తా" అంది.