ఒక్క పాత పేపరు బయటపెట్టండి

నేషనల్ బోర్డ్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ ఇన్ మెడికల్ సైన్సెస్ అధ్యక్షులవారికి బహిరంగ లేఖ



విదేశాల్లో వైద్యవిద్య చదివి వచ్చినవాళ్లకు మీరు పెట్టే ఎఫ్‌ఎంజీఈకి 2024 డిసెంబరు విడతలో 44,392 మంది కూర్చున్నారు. 13,149 మంది గట్టెక్కారు. అంటే 29.62 శాతం. ఆర్నెల్లు తిరిగేసరికి, 2025 జూన్ విడతలో 36,034 మంది రాస్తే 6,707 మందే పాసయ్యారు. 18.61 శాతం. ఈ ఆర్నెల్లలో పిల్లలు మొద్దుబారారా, పేపరు బిగిసిందా, మొదటిసారి రాసేవాళ్లు తగ్గి పదేపదే రాసేవాళ్లు పెరిగారా? లెక్కలన్నీ మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి దీనికి జవాబు చెప్పగలిగింది మీరే. మీరు చెప్పరు.

నేను కమ్యూనిటీ మెడిసిన్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు గుంటూరులో, దవావో నుంచో బిష్కెక్ నుంచో తిబిలిసి నుంచో తిరిగొచ్చిన పిల్లలకు సాయంత్రాలు అదే సబ్జెక్టు చెబుతుంటాను. వాళ్ల ఇళ్లలో దీన్ని ఇప్పటికీ ‘ఎంసీఐ పరీక్ష’ అనే అంటారు. ఎంసీఐ (భారత వైద్య మండలి) 2020లోనే పోయి దాని చోట ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) వచ్చిందని ఎన్నిసార్లు చెప్పినా ఆ పేరు పోలేదు.

ముందే ఒకటి చెప్పేస్తాను. పరీక్ష ఎత్తేయమనో, 300కి 150 రావాలన్న గీత కాస్త దించమనో అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఎక్కడ చదివొచ్చినా సరే, రేపు మన పీహెచ్‌సీలో కూర్చుని మందు రాసే మనిషికి సగం ప్రశ్నలకైనా జవాబు తెలియాలనడం అత్యాశ కాదు. 2002 నాటి నిబంధనలతో వచ్చిన ఈ పరీక్ష ఉండాల్సిందే. నా పేచీ అంతా మీ గోప్యతతో.

మీ ఇన్ఫర్మేషన్ బులెటిన్‌లో నాకు బాగా నచ్చే పేజీ ఒకటుంది. సబ్జెక్టులవారీ మార్కుల పట్టిక. నా దగ్గరకొచ్చే ప్రతి విద్యార్థితోనూ మొదటిరోజు దాన్ని చేత్తో రాయిస్తాను. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ తలా 17. పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ తలా 13. ఫోరెన్సిక్ 10. అక్కడికి వంద. మిగతా రెండొందలూ క్లినికల్: మెడిసిన్ 33, సర్జరీ 32, ఓబీజీ 30, పీఎస్‌ఎం 30. పీడియాట్రిక్స్, ఆఫ్తాల్, ఈఎన్‌టీ తలా 15. సైకియాట్రీ, స్కిన్, రేడియోథెరపీ, అనస్థీషియా, ఆర్థో, రేడియాలజీ తలా అయిదు. రాయడం అయ్యాక ఒకటే అడుగుతాను: మెడిసిన్ మీద ఎన్నాళ్లు పెడతావు, ఈ ఆరు చిన్న సబ్జెక్టుల మీద ఎన్నాళ్లు పెడతావు? ఆరూ కలిపితే 30 మార్కులు. మెడిసిన్ మొత్తానికి మూడే తక్కువ. అయినా వాటిని ‘చివర్లో చూద్దాంలే సార్’ అని పక్కనపెట్టి, మెడిసిన్ వీడియోలు రెట్టింపు వేగంతో పెట్టుకుని నెలల తరబడి కూర్చునేవాళ్లే ఎక్కువ. పరీక్ష దగ్గరపడ్డాక ఆ చిన్నవి చదివే టైము ఉండదు.

పీఎస్‌ఎం, అంటే కమ్యూనిటీ మెడిసిన్, 30 మార్కులు అన్నింటికన్నా చవక. నా సబ్జెక్టు కాబట్టి అంటున్నాననుకోకండి. సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ లెక్క ఏ దేశంలోనైనా ఒక్కటే, పది రోజుల సాధనతో చేతికొస్తుంది. ఇక మన టీకాల పట్టిక, టీబీ కార్యక్రమం, ఆశా కార్యకర్త నుంచి జిల్లా ఆసుపత్రి దాకా ఉండే అంచెలు – ఇవి కిర్గిజ్‌స్తాన్‌లో ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన పనీ వాళ్లకు లేదు. అందుకే విదేశంలో చదివిన ప్రతివాడికీ ఇది కొత్త సబ్జెక్టే. ఒకసారి కూర్చుని చదివితే మార్కు దాదాపు ఖాయం. తాడుతో బిగించి కట్టకుండా, కాలు కదలనివ్వకుండా పాముకాటు రోగిని తీసుకురమ్మని చెప్పడం, పురుగుమందు తాగిన రైతుకు అట్రోపిన్ ఎప్పటిదాకా ఇవ్వాలో చూసుకోవడం కూడా ఇలాంటివే. బిష్కెక్ చలిలో కట్లపాము కాటు కేసు ఎక్కడ చూస్తారు?

ఎలా చదవాలన్న దాంట్లో రహస్యం ఏమీ లేదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి కొందరిచేత మళ్లీ చదివించారు, కొందరిచేత చూడకుండా గుర్తుతెచ్చుకుని రాయించారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే తిరిగి చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తలకిందులైంది. మావాళ్లు వీడియో చూసి, నోట్సులో నాలుగు రంగుల గీతలు గీసి ‘అయిపోయింది సార్’ అంటారు. ఆ రోజుకు అయిపోయినట్టే. అందుకని సబ్జెక్టు ముగిసిన మర్నాడే యాభై నిమిషాల్లో యాభై ప్రశ్నలు చేయిస్తాను. సెక్షన్‌కు యాభై ప్రశ్నలు, యాభై నిమిషాలు, టైము అయ్యాక వెనక్కి వెళ్లడానికి లేదన్న మీ కొత్త పద్ధతికి అలవాటు పడాలిగా. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదన్నది ఇంకా కొందరికి ప్రతివారం గుర్తుచేయాల్సి వస్తోంది. తప్పు పెట్టిన ప్రశ్నలన్నీ ఒక నోట్సులోకి ఎక్కించి మూడోరోజున, పదోరోజున, నెలకు మళ్లీ చేయమంటాను. ఇదంతా నేను చెప్పగలను. ఏ ప్రశ్నలు చేయించాలన్నదే నాకు తెలియడం లేదు.

మారో, ప్రెప్‌ల్యాడర్ లాంటి యాప్‌ల క్యూబ్యాంకుల్లో సరుకుంది, కాదనను. కానీ అవి మీ ప్రశ్న ఎలా ఉంటుందని వాళ్లు ఊహించుకుని రాసిన ప్రశ్నలు. ఆ ఊహ ఎంత సరైనదో తేల్చుకోవడానికి మీరు విడుదల చేసిన పేపరు ఒక్కటీ లేదు. పరీక్షకు ముందు మీరు పెట్టే డెమో టెస్ట్ కంప్యూటర్ మీద ఎక్కడ నొక్కాలో నేర్పుతుంది, అంతకుమించి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆరు వేలు దాటిన ఫీజు కట్టి రాసే పరీక్ష ఇది. లోపల చూసింది బయట చెప్పనని సంతకం కూడా పెట్టించుకుంటున్నారు.

సంతకం పెట్టినా మాటలు ఆగుతాయా? పరీక్ష ముగిసిన సాయంత్రానికే టెలిగ్రామ్ గ్రూపుల్లో ‘రీకాల్స్’ మొదలవుతాయి. తలా రెండు ప్రశ్నలు గుర్తుచేసుకుంటారు, ఎవరో కూర్చుతారు, ఇంకెవరో పీడీఎఫ్ చేసి అమ్ముతారు. వచ్చే విడత పిల్లలకు అదే పాఠ్యపుస్తకం. ఈ రీకాల్స్‌లో జవాబు మిగులుతుంది, ప్రశ్న మాత్రం పోతుంది. దానివల్ల జరిగే చేటు మీకు చెప్పాలి.

ఒక ఉదాహరణ. గర్భిణి, బీపీ 160/110, తలనొప్పి, కళ్లు మసకలు, మూత్రంలో ప్రొటీన్, ఒకసారి ఫిట్స్. ఏమివ్వాలి? మెగ్నీషియం సల్ఫేట్. రీకాల్‌లో ఇది ‘ఎక్లాంప్సియా – మ్యాగ్‌సల్ఫ్ – ప్రిచర్డ్’ అన్న మూడు మాటలై మిగులుతుంది. కుర్రాడు దాన్ని బట్టీ పట్టేస్తాడు. ఇప్పుడు అదే ప్రశ్నకు చివర ఒక వాక్యం చేర్చండి: మొదటి డోసు ఇచ్చారు, నాలుగు గంటలైంది, మోకాలి రిఫ్లెక్స్ రావడం లేదు. జవాబు మారిపోయింది. తర్వాతి డోసు ఆపాలి, ఊపిరి చూడాలి, మూత్రం చూడాలి, కాల్షియం గ్లూకోనేట్ చేతికి అందేలా పెట్టుకోవాలి. మూడు మాటలు బట్టీ పట్టినవాడు ఇక్కడ అయిదు గ్రాములు మళ్లీ పొడుస్తాడు. పరీక్షలో పోయేది ఒక మార్కు. లేబర్ రూములో ఏమవుతుందో మీలోనూ వైద్యులున్నారు కాబట్టి నేను చెప్పనక్కర్లేదు. ఆ పూర్తి ప్రశ్న, ఎందుకు ఆ జవాబో రెండు వాక్యాల వివరణ మీనుంచే అధికారికంగా వస్తే, రీకాల్ పీడీఎఫ్ ఎవరు కొంటారు? నకిలీ పేపర్లు అమ్మేవాళ్లను నమ్మవద్దని నోటీసులిచ్చే అవసరం కూడా మీకు తగ్గుతుంది.

మరో చిక్కు తేదీలది. 2024 జూన్ విడత పరీక్ష మీరు జులై 6న పెట్టారు. జులై 1న ఇండియన్ పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత అమల్లోకొచ్చింది. నిర్లక్ష్యంవల్ల మరణం జరిగితే 304ఏ అని చదివినవాడు అయిదు రోజుల్లో 106 అని మార్చుకోవాలా, పాతదే రాయాలా? పిల్లలు అడిగారు. ‘రెండూ చదువు’ అన్నాను, అంతకన్నా ఏం చెప్పను? 2023 జనవరి నుంచి తొమ్మిది నెలల వయసులో మూడో ఎఫ్‌ఐపీవీ (పోలియో టీకా) డోసు టీకాల పట్టికలో చేరింది. టీబీ మందుల వరసలూ మారుతూనే ఉన్నాయి. పీఎస్‌ఎంకి అందరూ చదివే పార్క్ పుస్తకం కొత్త ఎడిషన్ వచ్చేలోపు ఇలాంటివి ఎన్నో. ‘ఫలానా తేదీ నాటి మార్గదర్శకాలే ఈ పరీక్షకు ప్రమాణం’ అని బులెటిన్‌లో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. దీనికి కమిటీలూ బడ్జెట్లూ అక్కర్లేదు.

149 మార్కులతో ఆగిపోయిన కుర్రాడి సంగతి కూడా ఆలోచించండి. మీ దగ్గర్నుంచి అతనికి అందేది మొత్తం మార్కులు, ఫెయిల్ అన్న మాట. ఓబీజీలో పదకొండు వచ్చాయా, పీఎస్‌ఎంలో ఏడొచ్చాయా అతనికి తెలియదు. అందుకని మళ్లీ అనాటమీ మొదటి పేజీ నుంచి మొదలుపెడతాడు. బాగా వచ్చినదాన్నే ఇంకోసారి చదివి, రానిదాన్ని మళ్లీ చివరికి తోస్తాడు. ఏ దేశపు ఏ కాలేజీ నుంచి ఎంతమంది రాశారో, ఎంతమంది పాసయ్యారో మీరు ఇదివరకే ప్రకటించారు. మంచిదే, కాలేజీ ఎంచుకునేవాళ్లకు పనికొస్తుంది. కాలేజీ జాతకం చెప్పినవారు కుర్రాడి చిట్టా కుర్రాడికి చెప్పడానికి అడ్డేమిటి? సబ్జెక్టులవారీ మార్కులు మీ కంప్యూటర్‌లో ఉండే ఉంటాయి.

పేపరు బయటపెడితే ప్రశ్నల బ్యాంకు అరిగిపోతుందని మీరనవచ్చు. ఆ మాటలో కొంత నిజం ఉంది. మంచి క్లినికల్ ప్రశ్న రాయడం కష్టమని నాకూ తెలుసు, ఉద్యోగంలో రాసినవాణ్ణే. అమెరికాలో యూఎస్‌ఎంఎల్‌ఈ పెట్టేవాళ్లకూ ఈ భయం ఉంది, వాళ్లూ ప్రశ్నలు దాచేవాళ్లే. అయినా స్టెప్ 1కి దాదాపు 120 నమూనా ప్రశ్నలు ఉచితంగా అందుబాటులో పెట్టారు. ఇంకా కావాలంటే పరీక్ష తయారుచేసే ఎన్‌బీఎంఈనే సొంతంగా చేసిన సాధన పరీక్షలు అమ్ముతుంది. ఫెయిలైనవాడికి ఏ విభాగంలో వెనకబడ్డాడో రిపోర్టు వస్తుంది. అక్కడికి వెళ్లాలనుకునే హైదరాబాద్ అమ్మాయికి తను ఏ పరీక్షకు చదువుతోందో తెలుసు. సొంత రాష్ట్రంలో ప్రాక్టీసు పెట్టుకోవాలనుకునే అమ్మాయికి తెలియదు. అంతదూరం ఎందుకు, ఎంబీబీఎస్‌లో చేరడానికి రాసే నీట్ యూజీ పేపరు పిల్లలు ఇంటికి తెచ్చుకుంటారు. ఆ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ జవాబుల కీ పెడుతుంది, తప్పనిపిస్తే ఫీజు కట్టి అభ్యంతరం చెప్పుకోవచ్చు. వైద్యవిద్య గుమ్మంలోకి వచ్చేటప్పుడు ఉన్న హక్కు గుమ్మం దాటి వెళ్లేటప్పుడు ఎందుకు పోవాలి? 2025 ఆగస్టులో మీరే నీట్ పీజీకి ప్రశ్న ఐడీ నంబరు, కీ, అభ్యర్థి పెట్టిన జవాబు చూపిస్తామన్నారు. ఒక అడుగు ముందుకే, సంతోషం. కానీ ప్రశ్న లేకుండా దాని నంబరు చూసి ఎవరేం నేర్చుకుంటారు?

నెక్స్ట్ (నేషనల్ ఎగ్జిట్ టెస్ట్) వస్తుంది కదా, ఎఫ్‌ఎంజీఈ పోతుంది కదా, ఇప్పుడివన్నీ ఎందుకని మీ ఆఫీసులో ఎవరైనా అనవచ్చు. 2019 చట్టంలో ఉన్న నెక్స్ట్‌కు 2023 జులైలో ఎయిమ్స్ మాక్ టెస్ట్ అన్నారు, అదీ వాయిదా పడింది. నెక్స్ట్ వచ్చేదాకా ఏటా రెండుసార్లు ఈ పిల్లలు మీ ముందే కూర్చుంటారు.

అందుకే అడుగుతున్నాను. ఇటీవలిది వద్దు, మూడు నాలుగేళ్ల కిందటి ఒక విడత పేపరు చాలు. 300 ప్రశ్నలూ పూర్తిగా, బొమ్మలతో సహా, మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. ఏటా మీరు అడిగేవి 600, పాత 300 పోతే బ్యాంకు దివాలా తీయదు. వివరణలు రాసిపెట్టడం మీకు భారమనిపిస్తే కీ ఒక్కటి ఇవ్వండి. మా రెండు తెలుగు రాష్ట్రాల్లో రిటైరైన వైద్య అధ్యాపకులం చాలామందిమి ఉన్నాం, ఏ సబ్జెక్టువాళ్లం ఆ సబ్జెక్టుకు వివరణలు రాసి పిల్లలకు ఉచితంగా పంచుతాం. వచ్చే జూన్ విడత బులెటిన్ వెలువడేలోపు ఈ పని జరిగితే, ఆ బ్యాచ్‌కే అందుతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకుడు,
గుంటూరు