గుమ్మం దాటిన రంగునీళ్ళు

షాబాన్ నెల ప్రవేశించిందంటే మన కుటుంబాలలో ఇంటి పనుల సందడి మొదలవుతుంది. శుభప్రదమైన రమజాన్ మాసం వచ్చేలోగా గోడలకు రంగులు వేయించుకోవాలని, పరుపులు ఎండబెట్టుకోవాలని ప్రతి ఇల్లాలూ ఆరాటపడుతుంది. నిడదవోలులోని మా ఇంటికి కూడా ఈసారి రంగులు వేయించాము. ఆరు రోజులలో పని ముగిసింది. మేస్త్రీ, ఆయన వెంట వచ్చిన ఇద్దరు పనివారు నిచ్చెనలు సర్దుకొని సెలవు తీసుకున్నారు. గోడలు కళకళలాడుతున్నాయి. కానీ నేల నిండా తెల్లని పుట్టీ ధూళి, కిటికీ అద్దాల మీద ఎనామిల్ చుక్కలు, మేము కడుగుతామని ఉంచుకున్న బ్రష్షులు, బకెట్లలో రంగునీళ్ళు, సగం మిగిలిన డబ్బాలు అలాగే ఉన్నాయి.

ఆ శుభ్రత పనిని గురించే ఈ నెల సోదరీమణులతో ముచ్చటించదలిచాము. ఎందుకంటే ఆ సాయంకాలం మేము రెండు పొరపాట్లు చేశాము. మొదటిది అల్లాహ్ దయవలన ఆపదగా మారలేదు. రెండవది మా గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

బ్రష్షులు కడగగా మిగిలిన టర్పెంటైన్‌ను వృథా చేయడమెందుకని ఒక ఖాళీ మంచినీళ్ళ సీసాలో పోసి వసారా గట్టుమీద పెట్టాము. చూడడానికి అచ్చం నీళ్ళలాగే ఉన్నది. మూడేళ్ళ మనవడు దాహమై ఆ సీసా అందుకొని మూత తిప్పుతుండగా కోడలు చూసి లాక్కున్నది. మరొక్క నిమిషం ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. టర్పెంటైన్, కిరోసిన్ వంటివి మింగినప్పుడు అవి ఊపిరితిత్తులలోకి జారడమే అసలు ప్రమాదం. అందుచేత అటువంటి స్థితిలో పిల్లవాడి చేత వాంతి చేయించరాదు. 108కి ఫోన్ చేసి, ఆ సీసాను కూడా వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తాగే వస్తువుల సీసాలలో ఇటువంటి ద్రవాలను ఎన్నడూ పోయకూడదు. వాటిని కొన్న డబ్బాలోనే ఉంచి, పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టాలి.

ఇక రెండవ పొరపాటు. రెండు బకెట్ల రంగునీళ్ళను వీధి మురుగుకాలువలో కుమ్మరించాము. పొరుగింటి పెద్దావిడ అరుగుమీద నుంచి చూసి, "వదినగారూ, ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయనుకున్నారండీ?" అని నెమ్మదిగా అడిగారు. "మా పుట్టిల్లు దిగువ ఊళ్ళోనేనండీ. వేసవిలో కాలువ కట్టేసేముందు చెరువు నింపుకొని, ఆ నీళ్ళే కాచుకొని తాగేవాళ్ళం" అన్నారు. మేము సమాధానం చెప్పలేకపోయాము.

ఆమె మాట అక్షరాలా నిజం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుండి ఈ ప్రాంతపు బ్రతుకంతా కాలువ నీటితో ముడిపడి ఉన్నది. విజ్జేశ్వరం దగ్గర గోదావరిని వీడిన పడమటి డెల్టా నీరు కాలువలుగా చీలి, పంట బోదెలుగా మారి, మనకు దిగువన ఉన్న ఎన్నో గ్రామాలకు చేరుతుంది. పొలాలకు పారే నీరే చెరువులలో నిండి తాగునీరవుతుంది. వీధి మురుగులో పడినదంతా వాన కురిసిన రోజున ఏదో ఒక కాలువను, ఏదో ఒక బోదెను వెతుక్కుంటూ పోతుంది. మనం ఎగువన ఉన్నాము గనుక దిగువవారి పట్ల మన బాధ్యత మరింత పెద్దది. నిలిచిన నీటిని మలినపరచవద్దని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించారు. దారిలోని హానికరమైన వస్తువును తొలగించడం కూడా విశ్వాసంలో భాగమేనని బోధించారు. మన చేతులతో హానిని తీసుకొని వెళ్ళి పదిమంది నీటిలో కలపడం ఆ బోధనకు ఎంత దూరమో ఆలోచించండి.

ఆ తరువాత తెలిసినవారిని అడిగి నేర్చుకున్న పద్ధతులను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

ధూళి

గోకిన రంగుపొట్టును, పుట్టీ ధూళిని పొడి చీపురుతో ఊడ్చకండి. అది గాలిలో లేచి గంటల తరబడి తేలుతూ ఉంటుంది. ముక్కుకు మాస్కు కట్టుకొని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను బకెట్‌లో జాడించాలి. పాత తలుపులు, కిటికీల ఎనామిల్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇంటి రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న కేంద్ర ప్రభుత్వ నియమం 2017 నవంబరు నుండి మాత్రమే అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులలో సీసం అధికంగా ఉండి ఉండవచ్చు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకు హాని లేదని చెప్పదగిన మోతాదు దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. అందుచేత పాత రంగును తడిపి మాత్రమే రుద్దించాలి. ఆ సమయంలో పిల్లలను, గర్భిణులను ఇంట ఉంచరాదు.

బ్రష్షులు కడిగిన నీరు

కడిగే ముందే బ్రష్షును, రోలరును పాత వార్తాపత్రిక మీద బాగా తుడిస్తే రంగులో అధిక భాగం కాగితానికే అంటుకుంటుంది. అప్పుడు కొద్ది నీరు సరిపోతుంది. నీళ్ళతో కలిపే రంగులైతే ఆ కడిగిన నీటిలో ఇసుక గానీ రంపపు పొట్టు గానీ కలిపి, పిల్లలు, కోళ్ళు రాని చోట ఎండలో ఆరబెట్టాలి. అది గట్టిపడిన తరువాత సంచిలో కట్టి చెత్తబండి వారికి విడిగా ఇవ్వాలి. ఎనామిల్ బ్రష్షులు కడిగిన టర్పెంటైన్‌ను మూతగల డబ్బాలో కదపకుండా ఉంచితే రంగు అడుగుకు దిగుతుంది. పైన తేరిన ద్రవం మరొకసారి పనికివస్తుంది. అవిసెనూనె కలిసిన వార్నిషు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడవేయరాదు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. వాటిని నీళ్ళలో తడిపి, ఆరుబయట విడివిడిగా పరచి ఆరనివ్వాలి.

నేలమీది మరకలు

మన ఇళ్ళలో తాండూరు, షాబాద్, కడప బండల నేలలు ఎక్కువ. ఇవన్నీ సున్నపురాయి జాతివి. మరకలు పోతాయని యాసిడ్ పోస్తే రంగుతో పాటు రాయి కూడా కరిగి నునుపు పోతుంది. ఎండిన చుక్కలను ఇత్తడి గరిటె అంచుతోనో చెక్కముక్కతోనో మెల్లగా లేపి, సబ్బునీటితో తుడవడం మేలు. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఒకేచోట వాడడం మరీ ప్రమాదకరం. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. తలుపులు మూసిన స్నానాలగదిలో అది ప్రాణాంతకం కాగలదు.

చేతులు, వుజూ

పని ముగించి నమాజుకు సిద్ధమయ్యేటప్పుడు గోళ్ళమీద ఎనామిల్ మిగిలి ఉన్నదేమో చూసుకోవాలి. గోరింటాకు వలె కేవలం వర్ణమే మిగిలితే వుజూకు అడ్డంకి లేదు. కానీ పొరగా పేరుకున్న రంగు నీటిని చర్మానికి చేరనివ్వదు, కనుక దానిని తొలగించాలి. అందుకోసం చేతులను టర్పెంటైన్‌తో రుద్దుకుంటే చర్మం మండుతుంది. కొబ్బరినూనె గానీ వంటనూనె గానీ పట్టించి, కొంతసేపు రుద్ది, సబ్బుతో కడుక్కుంటే ఆరని ఎనామిల్ సులువుగా వదులుతుంది. ప్రతిరోజూ రంగుల పని చేసే సోదరులకు పూర్తిగా వదిలించుకోవడం కష్టమైతే, తమ మస్జిదులోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవడం మంచిది.

మిగిలిన డబ్బాలు

మిగిలిన రంగు డబ్బా మూత బిగించి, రంగు పేరు, సంఖ్య, ఏ గదికి వేశారో, ఏ తేదీన వేశారో దానిమీద వ్రాసి ఉంచుకుంటే తరువాత చిన్న మరమ్మతుకు ఉపయోగపడుతుంది. ఎక్కువ మిగిలితే అవసరమున్న పొరుగువారికి ఇవ్వండి. ఇరవై లీటర్ల ఖాళీ రంగు బకెట్లను కడిగి మంచినీళ్ళకు, బియ్యం నానబెట్టడానికి వాడే అలవాటు మన ఇళ్ళలో ఉన్నది. విందు వంటలలోనూ అవి కనిపిస్తాయి. అవి ఆహారం కోసం తయారైనవి కావు. ఇసుక మోయడానికో, మొక్కలు పెంచడానికో వాడుకోవచ్చు. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు వాడేసిన రంగు డబ్బాలను పురుగుమందు డబ్బాలు, ట్యూబులైట్ల సరసన ఇంటి హానికర వ్యర్థాలుగా లెక్కించాయి. వాటిని తడిచెత్తలో కలపకుండా విడిగా అందించడం మన బాధ్యత.

మరునాడు ఉదయం మా ఇంట ఇంకా రెండు బకెట్ల రంగునీళ్ళు మిగిలి ఉన్నాయి. ఇసుక తెప్పించి కలిపాము. పొరుగింటి వదినగారే దొడ్డివైపు ఎండ బాగా తగిలే స్థలం చూపించారు. అది ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ వచ్చినవారంతా కొత్త గోడలకన్నా దొడ్డిలోని ఆ రంగు ఇసుకను గురించే అడిగారు, మేమూ విసుగు లేకుండా చెప్పాము. ముందురోజు వదిలిన నీళ్ళను మాత్రం వెనక్కి తెచ్చుకోలేకపోయాము.

ఈ రమజాన్‌కు రంగులు వేయించుకుంటున్న సోదరీమణులు పనివారు రాకముందే ఇసుకను, పాత కాగితాలను, మూతగల డబ్బాను సిద్ధం చేసుకోవాలని కోరుతున్నాము. మన వలన పొరుగువారికి గానీ, దిగువ ఊరివారికి గానీ హాని కలగకుండా అల్లాహ్ మనలను కాపాడుగాక. ఆమీన్.