తెగిన పడుగు పోగు

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని పత్తి వ్యాపారమునకును, ఎమ్మిగనూరు చేనేతకును పేరొందిన ఊళ్లు. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున నేతపనివారి సహకార సంఘమును స్థాపించిరి. మగ్గమెక్కినవారికెల్ల ఒక సంగతి తెలియును. పడుగులో ఒక్క పోగు తెగినచో, దానిని కనుగొని ముడివేయువరకు ఆ లోపము బట్ట పొడవునను సాగుచునే యుండును. కావుననే మంచి నేతగాడు పోగు తెగినంతనే మగ్గమును ఆపును. వార్తలు వ్రాయువారును ఈ నియమమును పాటింపవలెను; యుద్ధకాలమున మరింత శ్రద్ధగా పాటింపవలెను.

మొదటి ప్రపంచయుద్ధమున, 1917 ఏప్రిల్ నెలలో, కార్ల్ రోస్నర్ అను జర్మను విలేఖరి యుద్ధరంగము వెనుకనున్న ఒక కర్మాగారమును గూర్చి బెర్లిను పత్రికలో వ్రాసెను. అచట కళేబరములనుండి క్రొవ్వు తీయుదురని అతడు తెలిపెను. అతడు వాడిన 'కడావర్' అను మాటకు జర్మను భాషలో సాధారణముగ పశుకళేబరమని అర్థము. లండనులోని 'టైమ్సు', 'డెయిలీ మెయిలు' పత్రికలు దానిని మనుష్య శవముగా గ్రహించి, జర్మనులు తమ సైనికుల శవములనుండియే క్రొవ్వు తీయుచున్నారని ప్రకటించెను. జర్మనులు ఖండించిరి. కాని యుద్ధవేళ శత్రువు మాట నమ్మువారెవరు?

1925 డిసెంబరులో బ్రిటిషు విదేశాంగమంత్రి ఆస్టిన్ చేంబర్లేన్, ఆ కథకు ఆధారము లేదను జర్మను ప్రభుత్వపు మాటను అంగీకరించుచున్నట్లు పార్లమెంటులో తెలిపెను. తెగిన పోగు ముడిపడుటకు ఎనిమిదేండ్లు పట్టెను.

అసలు నష్టము పిమ్మట కనబడెను. రెండవ ప్రపంచయుద్ధమున హిట్లరు ప్రభుత్వము యూదులను నిజముగనే సంహరింపసాగెను. 1942లో ఆ వార్తలు బయటికి వచ్చినపుడు, ఇదియు వెనుకటి శవముల కథ వంటిదే యని పలువురు పెదవి విరిచిరి. ఆ యుద్ధము ముగియునాటికి హతులైన యూదులు సుమారు 60 లక్షలు. వారిని చంపినది పాత బొంకు కాదు, హంతకులే. అయినను వారి మొర వినవలసిన చెవులు మూసికొనుటకు ఆ బొంకు ఒక కారణమయ్యెను. బొంకినవారొకరు; దాని ఫలము అనుభవించినవారు వేరొకరు.

స్వదేశమునకు మేలు చేయు అబద్ధము తప్పు కాదని కొందరందురు. ఆదోని బజారులో ఒకమారు దొంగ తూకము వేసిన వ్యాపారిని రైతు మరల నమ్మడు. మరునాడు సరిగా తూచినను అనుమానించును. పత్రికకును పాఠకుని నమ్మకమే మూలధనము. అది పోయిననాడు నిజము చెప్పినను వినువారుండరు.

కావున విద్యార్థులు తమకు గిట్టనివారిని గూర్చిన చెడువార్తనే ముందుగా పరీక్షింపవలెను; ఏలయన మనస్సు త్వరపడి నమ్మునది అట్టి వార్తనే. తప్పు తెలిసినపుడు మగ్గమాపి ముడివేయుట నామోషి కాదు. అదియే పనితనము.