ఇనుప కారు ప్రాణం కాపాడదు

‘గప్పటి కారు ఇనుము, ఇప్పటిది రేకు.’ మాక్లూర్ చాయ్ హోటల్లో ఈ మాట ఎవరన్నా కాదనేవాళ్లు ఉండరు. బరాత్‌కు పాత షెవ్రొలే వస్తే చాలు, బానెట్ మీద వేళ్లతో కొట్టి చూసి ‘లారీ గుద్దినా సొట్ట పడదు’ అంటారు. ఈ నమ్మకం తప్పు. ప్రాణాల మీదికి తెచ్చే తప్పు కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

అసలు ‘అంతా ఇనుము’ అన్నదే అబద్ధం. 1928లో జనరల్ మోటార్స్ బొంబాయిలో షెవ్రొలే కార్లు బిగించడం మొదలుపెట్టింది. ఆ కాలపు షెవ్రొలే బాడీ లోపల ఉన్నది చెక్క చట్రం, దాని మీద కొట్టింది రేకు. కప్పు నడుమ భాగం ఉత్త గుడ్డ. ఒకే ఉక్కు పలకతో కప్పు వేయడం 1935లో వచ్చింది. బాడీలోంచి చెక్క పూర్తిగా పోయింది 1937 మోడల్‌తో.

బ్రేకుల సంగతి ఇంకా ఘోరం. ఫోర్డ్ కార్లకు 1938 దాకా కడ్డీలో తీగలో లాగితే పట్టే బ్రేకులే. ఒక చక్రం ముందు పట్టి ఇంకోటి ఆలస్యమైతే బండి పక్కకు గుంజుతుంది. ఇక డ్రైవర్ సీట్లో కూర్చుని చూడండి: స్టీరింగ్ కడ్డీ తిన్నగా ఛాతీకి గురిపెట్టి ఉంటుంది. గుద్దితే అది వంగదు. బెల్టు లేదు. బండి ముందుభాగం నలిగి దెబ్బను మింగాలన్న ఆలోచనే అప్పటికి పుట్టలేదు. బండి నలగకపోతే ఆ దెబ్బ పోయేది లోపలి మనిషికే.

నమ్మనివాళ్లకు ఒక పరీక్ష చెప్తాను. 2009లో అమెరికాలో 1959 నాటి షెవ్రొలే బెల్ ఎయిర్‌ను, 2009 షెవ్రొలే మాలిబును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించారు. పాత కారు క్యాబిన్ కుప్పకూలింది, డ్రైవర్ బతికే వీలే లేదని తేలింది. కొత్త కారు డ్రైవర్‌కు తగిలేది కాలి గాయం. మనం చెప్పుకుంటున్న రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి బండి అంతకన్నా పాతది.

ఆ కార్ల గొప్పతనం వేరే ఉంది, దాన్ని మెచ్చుకుందాం. 1929 షెవ్రొలేలో నాలుగు సిలిండర్ల ధరకే ఆరు సిలిండర్లు, 46 హార్స్‌పవర్ ఇచ్చారు. నేలకు ఎత్తుగా ఉండేది కాబట్టి బండిబాటలోనూ పోయేది. బానెట్ పక్కరెక్క ఎత్తితే ఇంజిన్ మొత్తం చేతికి అందుతుంది, రెండు పానాలుంటే ఊరి మెకానిక్ సగం పని చేసేస్తాడు. అమెరికాలో మామూలు కుటుంబం కొనుక్కోవాలని చేసిన బండి అది.

‘గట్టిది కాకుంటే ఇన్నేండ్లు ఎట్లుంది?’ అని ఆఖరికి అడుగుతారు. మిగిలింది గుద్దుకోని బండి. గుద్దుకున్నవి ఎప్పుడో తుక్కులో కలిసిపోయాయి, వాటిని బరాత్‌కు ఎవరూ తేరు.