నేపాల్ దారిలో నూరు నోట్లు

మోటారు సైకిళ్ల మీద నేపాల్ వెళ్తామని మన గోదావరిఖని యౌవనస్థులు నలుగురు మమ్మును దారి అడిగారు. దారికంటె ముందు డబ్బు సంగతి చెప్పాము.

2019 వేసవిలో మేము రక్సౌల్ దాటినప్పుడు మా జేబులో అన్నీ ఐదువందల నోట్లే. బండి సుంకానికి, అదే అక్కడివారు భన్సార్ అంటారు, రోజుల లెక్కన కావలసినంత మాత్రం మార్చుకున్నాము. నూరు రూపాయలకు మించిన మన నోట్లను నేపాల్ ప్రభుత్వం 2018 డిసెంబరులో నిషేధించిందని ఎరుగము. హెటౌడా దగ్గర పెట్రోలు బంకు కుర్రవాడు నోటు చూచి చేయి అడ్డంగా ఊపాడు. ట్యాంకులో చుక్క లేదు. మాతో వచ్చిన సహోదరుడు, సింగరేణి కార్మికుడు, కూతురి గాజులకని భార్య మూటగట్టి ఇచ్చిన నూరు నోట్లు విప్పాడు. వాటితోనే వెనక్కి సరిహద్దు చేరాము. గాజులు కొనలేదు. ఇంటి గుమ్మంలో ఆ బిడ్డ మా చేతుల వంక చూచిన చూపు మేము మరువలేదు.

మన నూటికి అక్కడ 160 రూపాయలు. 1993 నుండి ఇదే లెక్క. 2024 నుండి అక్కడి దుకాణాలలో మన యూపీఐ కూడా నడుస్తోంది గాని, కొండదారిలో ఫోను మూగబోతే పెట్రోలు ఎవరు పోస్తారు?

చిన్నవాడు మెల్లగా అడిగాడు: "అయ్యగారూ, నూరు నోట్లు చొక్కా లోపల కుట్టించుకోమంటారా?"