బరాత్‌లో ఊదేది సన్నాయి కాదు

నిజామాబాద్‌లో పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే సాయంత్రాలు బరాత్‌లకు దారి వదలాల్సిందే. బ్యాండులో నల్ల గొట్టం పట్టుకున్న మనిషిని చూసి 'సన్నాయి మంచిగ ఊదుతుండు' అనేవాళ్లే ఎక్కువ. ఆయన ఊదేది క్లారినెట్.

తేడా పీకలోనే ఉంది. సన్నాయికి రెండు రేకుల పీక. క్లారినెట్‌కు ఒక్కటే రీడ్, మౌత్‌పీస్ అడుగున బిగించి ఉంటుంది. రీడ్ చేసే మొక్క పేరు అరుండో డోనాక్స్, దక్షిణ ఫ్రాన్సులోని వార్ ప్రాంతానిది పేరుమోసింది. బోధన్ చెరకుకు ఇది దాయాదే, రెండూ గడ్డి జాతివే. 1937లో పుట్టి 2015లో మూతపడ్డ నిజాం షుగర్స్ చుట్టూ పెరిగినవాళ్లకు గడ నమిలి ఉమ్మేయడం అలవాటు. ఈ గడ్డి ముక్కను మాత్రం నోట్లో పెట్టుకుని ఓపిగ్గా తడిపి, అంచు చిట్లకుండా బిగించాలి.

1700 ప్రాంతంలో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో డెన్నర్ అనే పనివాడు క్లారినెట్‌ను తీర్చిదిద్దాడంటారు. వేణువు మీద గట్టిగా ఊదితే స పై స అవుతుంది. క్లారినెట్ అలా కాదు. మంద్ర స మీద వేళ్లు ఉంచి వెనక బొటనవేలి కీ నొక్కితే మధ్య స్థాయి ప పలుకుతుంది. కొత్తవాళ్లను తికమక పెట్టేది ఇదే.

ఇక రకాలు. బ్యాండుల్లో ఎక్కువగా కనిపించేది బీ ఫ్లాట్, అంటే వాయించేవాడు 'సి' పట్టు పడితే హార్మోనియంలో ఆరున్నర శ్రుతి వినిపిస్తుంది. పొట్టిగా, కీచుగా ఉండేది ఈ ఫ్లాట్. గంట పైకి వంగి, ఛాతీ అదిరేలా పలికేది బాస్. లోహపు క్లారినెట్‌ను సోప్రానో శాక్సోఫోన్ అనుకునేవాళ్లూ ఉన్నారు. శాక్సోఫోన్ గొట్టం కిందికి వచ్చేకొద్దీ వెడల్పవుతుంది, క్లారినెట్ గొట్టం చాలా దూరం ఒకే లావున సాగుతుంది.

అసలు చిక్కు కీలతో. 1840ల ప్రాంతంలో ఫ్రాన్సులో కుదిరిన బోమ్ పద్ధతి వాద్యానికి సాధారణంగా 17 కీలు, 6 రింగులు. పాత ఆల్బర్ట్ పద్ధతికి అంతకన్నా తక్కువ. తక్కువ కదా అని చౌకబారుగా చూడనక్కర్లేదు. వేలు నేరుగా రంధ్రం మీద పడితే స్వరాన్ని జార్చడం సులువు. టర్కీ వాద్యకారులు జి శ్రుతి క్లారినెట్‌ను ఈ పద్ధతిలోనే వాడతారు. గమకాల మీద బతికే మన సంగీతానికి ఆ జారుడు మరీ అవసరం. కర్ణాటక సంగీతాన్ని క్లారినెట్ మీద పలికించిన తిరుచ్చి విద్వాంసుడు ఎ.కె.సి. నటరాజన్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది.

పద్ధతిని బట్టి వేళ్ల పట్టు మారుతుంది. అందుకే పిల్లవాడికి కొనిపెట్టే తండ్రి ముందు అడగాల్సింది ధర కాదు, గురువు చేతిలో ఏముందన్నది. ఉస్తాద్ పాత పద్ధతిలో ఊదుతుంటే, మీరట్ నుంచి తళతళలాడే బోమ్ వాద్యం తెప్పించుకున్న పిల్లవాడు వేళ్ల పట్టు కుదరక అవస్థ పడతాడు. సెకండ్‌హ్యాండ్‌ది కొంటుంటే ఇంకో పని ఉంది. పై ముక్క విడదీసి, కింది కొనను అరచేత్తో మూసి, పై రంధ్రాలన్నీ వేళ్లతో కప్పి, మరో కొస నుంచి గాలి పీల్చాలి. బిగుసుకుంటే కీల కింది ప్యాడ్లు బాగున్నట్టు. బుస్సుమంటే ముందు ప్యాడ్లు మార్పించాలి, రిపేరు ఖర్చు బేరంలోనే తగ్గించుకోవాలి.