అంపైరుగా ఎవరు నిలబడతారు?

కిందటి ఆదివారం పొద్దుగూకే వేళకు ఒక తల్లి మా యింటికి వచ్చింది. కాఫీ ఇస్తే పుచ్చుకోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "మాస్టారూ, సంక్రాంతి ఆటలకు మా గుంటడిని అంపైరుగా రమ్మన్నారట. వాడు బ్యాటు పట్టుకుంటానంటే నేను కాదనను. ఎండలో బంతి వెయ్యనివ్వండి, పడి మోకాలు చెక్కుకోనివ్వండి. ఆ వికెట్ల వెనకాల నిలబడి అవుటూ, నాటౌటూ చెప్పే పని మాత్రం వాడికి వద్దు బాబూ" అన్నది.

ఆ కుర్రవాడికి పంతొమ్మిదేళ్లు. నిజం చెప్పాలంటే ఆట అంతంత మాత్రమే. కాని రూల్సు పుస్తకం వాడికి కంఠోపాఠం. నిదానస్థుడు. తెలుగు పిల్లలూ, ఒడియా పిల్లలూ కూడా వాడి మాటకు తల వంచుతారు. అట్లాంటివాడు ఊరికొక్కడు దొరకడమే గగనం.

"ఎందుకమ్మా?" అని అడిగాను గాని, కారణం నాకు తెలియకపోలేదు. ఆవిడ మరిది చౌద్వారంలో పని చేస్తున్నాడు.

తెరుబలి పాతకాపులకు చౌద్వారం ఎక్కడో చెప్పనక్కరలేదు. 1967లో యిక్కడ కొలిమి వెలిగించిన ఇంఫా కంపెనీకే అక్కడా కార్ఖానా వున్నది. ఆ చౌద్వారం ఠాణా పరిధిలో, కటక్ జిల్లాలో, మహిషిలండా అనే గ్రామం వుంది. 2023 ఏప్రిల్ 2వ తేదీ, ఆదివారంనాడు, అక్కడ రెండు ఊళ్ల కుర్రవాళ్లు క్రికెట్ ఆడుకొన్నారు. అంపైరుగా వున్న యిరవై రెండేళ్ల యువకుడు ఒక బంతిని నో బాల్ అన్నాడు. మాటా మాటా పెరిగింది. కత్తి వచ్చింది. ఆ పిల్లవాడి ప్రాణం పోయింది. నో బాల్ అంటే లెక్కకు ఒక్క పరుగు.

ఆ వార్త చదివిన నాటినుంచి ఆ తల్లి మనసులో ఏముందో వేరే చెప్పాలా? ఆటల గొడవకు ఈ పేజీలో చోటెందుకని అనుకొనే చదువరులు వుంటారు. మన పిల్లల్లో ఒకడిని మనమే మైదానం మధ్య ఒంటరిగా నిలబెడుతున్నాము. కాబట్టి ఇది ఇంటి సంగతే.

కత్తి వచ్చిన తరువాత పోలీసులున్నారు, కోర్టులున్నవి. నేను వ్రాయదలచుకొన్నది కత్తికి ముందు సంగతి. గుండెమీద చెయ్యివేసి తొయ్యడం, కాలరు పట్టుకోవడం, చెంపమీద ఒక్కటి వెయ్యడం. వీటికి మన దగ్గర శిక్ష ఏమిటి? చట్టంలో లేకపోలేదు. 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 115వ సెక్షను ప్రకారం కావాలని ఒకరిని గాయపరిస్తే ఏడాది వరకూ ఖైదు గాని, పదివేల వరకూ జరిమానా గాని, రెండూ గాని. కాని పక్కింటి పిల్లవాడి మీద ఠాణాకు వెళ్లే వాడెవడు? కనుక మన దగ్గర శిక్ష ఒకటే: "పోనిద్దురూ, కుర్రతనం."

ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. దాచి లాభం లేదు.

చాలా ఏళ్ల కిందట ఈ రైలుమార్గంలోనే ఒక ఊళ్లో చివరి ఆటకు నన్ను అంపైరుగా పిలిచారు. ఊరి పేరు చెప్పను. రనౌటు ఇచ్చాను. అది సరైన తీర్పేనని యిప్పటికీ నా నమ్మకం. అయినా దాని సంగతి యిక్కడ అవసరం లేదు. తప్పు తీర్పైనా జరిగినది తప్పే. అవుటైన కుర్రవాడు బ్యాటు పిడితో నా రొమ్మున పొడిచాడు. వెల్లకిలా పడ్డాను. కళ్లజోడు విరిగింది. సాయంత్రం వాళ్ల నాన్న కళ్లజోడు డబ్బు కవరులో పెట్టుకొని వచ్చి, "బావగారూ, ఉడుకు రక్తం, మనసులో పెట్టుకోకండి" అన్నాడు. డబ్బు తిరిగి ఇచ్చేసి, "ఫరవాలేదండీ" అన్నాను. నలుగురూ నా పెద్ద మనసును మెచ్చుకొన్నారు. నాకూ సంతోషమే అయింది, అబద్ధమెందుకు?

రెండు నెలలైనా కాలేదు. అదే కుర్రవాడు మరో ఊళ్లో మరో అంపైరును రెండు చెంపలూ వాయించాడు. ఆయన నాకంటె పెద్దవాడు, పాతిక సంవత్సరాలుగా ఆదివారాలు పిల్లల ఆటలకే ధారపోసినవాడు. ఆ తరువాత మైదానం ముఖం చూడలేదు. పాలకో, కూరగాయలకో వెళ్లవలసివచ్చినా మైదానం తప్పించుకొని చుట్టు తిరిగి వెళ్లేవాడట. నా చొక్కాకు అంటిన దుమ్ము నాది, నేను దులుపుకోవచ్చు. కాని ఆయన చెంపలమీద పడబోయే దెబ్బలను కూడా ముందుగానే క్షమించే అధికారం నాకెవరిచ్చారు? దెబ్బతిన్నది నేనే కావచ్చు. ఆ క్షమించడం మాత్రం నా ఒక్కడిదీ కాదు.

రగ్బీ అనే ఆట మనలో చాలామంది చూసి వుండరు. గుడ్డు ఆకారపు బంతి పట్టుకొని పరుగెత్తేవాణ్ణి మీదపడి పడగొట్టడమే ఆ ఆట. ఒడిశాకు మరీ కొత్తది కాదు. భువనేశ్వర్‌లోని కిస్ విద్యాసంస్థ ఆదివాసీ బాలురు 2007లో లండను వెళ్లి పాఠశాలల అంతర్జాతీయ పోటీ గెలుచుకొని వచ్చినారు. అంత మోటు ఆటలో రిఫరీ దగ్గర మాత్రం అందరూ బడిపిల్లలే. జట్టు నాయకుడు తప్ప రెండోవాడు నోరెత్తకూడదన్నది అక్కడి మర్యాద. ఎదురు మాట్లాడితే రిఫరీ పెనాల్టీ చోటును మరో పది మీటర్లు ముందుకు జరుపుతాడు. నోటి దురుసు ఖరీదు అప్పటికప్పుడే జట్టంతా చెల్లించుకోవాలన్నమాట.

చెయ్యి చేసుకొంటే వేరే లెక్క. వాళ్ల ప్రపంచ సంస్థ శిక్షల పట్టీ ముందుగానే అచ్చువేసి పెట్టుకొన్నది. రిఫరీని తిడితే ఆరు వారాల నిషేధంతో మొదలు. బెదిరిస్తే పన్నెండు వారాలు. కొడితే తక్కువలో తక్కువ తరగతికే యిరవైనాలుగు వారాలు. మధ్యరకానికి నలభై ఎనిమిది. గట్టిదైతే తొంభైఆరు, ఆపైన జన్మాంతం వరకూ. 2016 డిసెంబరులో ఇటలీలో ఒక జట్టు నాయకుడు మారియా బెయాట్రిచే బెన్వెనూతి అనే మహిళా రిఫరీని, చూడనట్టే నటిస్తూ, ఢీకొట్టి పడగొట్టాడు. ఆ ఏడాదే రియో ఒలింపిక్స్‌లో రిఫరీగా పనిచేసి వచ్చిన అమ్మాయి ఆమె. అతణ్ణి మూడేళ్లు ఆటకు దూరం చేశారు. మూడేళ్లంటే ఆటగాడి వయసులో చిన్న కాలమా?

అయితే మనమూ ఆ పట్టీని తెలుగులోనూ, ఒడియాలోనూ వ్రాసి మైదానం గోడకు అతికిస్తే సరిపోతుందా? పోదు. అసలు కిటుకు వేరే వుంది. అక్కడ ఆటగాడి పేరు క్లబ్బు రిజిస్టరులో వుంటుంది. ఇరవైనాలుగు వారాలు ఆడవద్దంటే వాడు పక్క ఊరికి పోయి కూడా ఆడలేడు. మన దగ్గరో? ప్రవేశ రుసుము కట్టిన పదకొండుమందే జట్టు. రాయగడలో వద్దంటే వచ్చే ఆదివారం మునిగుడాలో ఆడతాడు, మళ్లీ ఆదివారం పార్వతీపురంలో మరో చొక్కా తొడుక్కొని ఆడతాడు. మన పోటీల్లో కప్పు గెలిచినవాడి పేరు గుర్తుంటుంది గాని, అంపైరును కొట్టినవాడి పేరు ఎవరూ వ్రాసిపెట్టరు. వ్రాసిపెట్టని శిక్ష సాయంత్రానికే చెరిగిపోతుంది. గోడమీది కాగితానికి ముందు మనకు కావలసినది నాలుగణాల నోటుపుస్తకం. (నాలుగణాలకు యిప్పుడేమీ రాదని మా మనవరాలు నవ్వుతున్నది. సరే, యిరవై రూపాయల పుస్తకమే అనుకోండి.)

నేను సంఘం పెద్దలకు ఒక కాగితం వ్రాసి ఇచ్చాను. జట్టు నమోదు చేసుకొనేటప్పుడే పదిహేనుమంది పేర్లూ, తండ్రి పేర్లూ, ఊళ్లూ వ్రాయాలి. ప్రవేశ రుసుము కాక కొంత ధరావతు కట్టాలి. అంపైరుమీద చెయ్యి పడితే అది తిరిగి రాదు. ఆట అక్కడికక్కడ ఆగిపోతుంది, ఎదుటి జట్టు గెలిచినట్టే. ఆ కుర్రవాడి పేరు ఈ రైలుమార్గంలో పోటీలు పెట్టే కమిటీలన్నింటికీ వెళ్తుంది. అందరి దగ్గరా ఫోన్లున్నవి గదా, సినిమా పాటలు పంపుకొనేవాళ్లకు ఒక పేరు పంపుకోవడం బరువా? ప్రతి జట్టుకూ హామీగా ఒక పెద్దమనిషి సంతకం పెట్టాలి.

ఒకడు చేసిన తప్పుకు పదిమందికి శిక్ష ఏమిటని ఒక కార్యవర్గ సభ్యుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఇంగ్లండులో ఫుట్‌బాల్ సంఘంవారు 2023-24 నుంచి చిన్న జట్ల పోటీల్లో ఇట్లాంటి తీవ్ర తప్పులు మళ్లీ మళ్లీ చేసే జట్టుకు మూడు మొదలు పన్నెండు వరకూ పాయింట్లు కోసేస్తున్నామని ప్రకటించారు. దాని వెనుక ఆలోచన నాకు నచ్చింది. చెయ్యి ఎత్తినవాడి పక్కన ఎప్పుడూ పదిమంది వుంటారు. ఆ పదిమందిలో ఒక్కడు "ఒరే, ఆగరా" అని పట్టుకొంటే చాలు. పాయింట్లు పోతాయంటే పట్టుకొంటారు. వేడుక చూస్తే పోయేదేమీ లేకపోతే వేడుకే చూస్తారు.

మన క్రికెట్ పిల్లల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఎమ్‌సీసీవారు 2017 అక్టోబరు 1 నుంచి అమలులోకి తెచ్చిన నిబంధనల్లో 42వది ఆటగాళ్ల నడవడికి సంబంధించినది. అంపైరును కొడతానని బెదిరించినా, కావాలని అనుచితంగా ఒంటిమీద చెయ్యి వేసినా, ఆ ఆటగాణ్ణి మిగిలిన ఆట మొత్తానికీ బయటకు పంపవచ్చు; ఎదుటి జట్టుకు అయిదు పరుగులు అదనం. రెండు వందల ఏళ్లు దాటిన ఆ పెద్దమనుషుల ఆటలో ఆటగాణ్ణి బయటకు పంపే నిబంధన అంతవరకూ లేదు. పెట్టక తప్పని రోజు వచ్చిందంటే ఆలోచించండి. టెన్నిస్ బంతి ఆటకు పుస్తకాలెందుకంటారా? నో బాల్ కూడా ఆ పుస్తకంలోదే మరి.

ఇంకొక దురభ్యాసం మనది. బ్యాటింగు చేసే జట్టులోంచే ఒకణ్ణి అంపైరుగా నిలబెడతాము. వాడు నాటౌటంటే పక్షపాతం, అవుటంటే ఇంటి ద్రోహం. ముందు అది మానాలి. రెండు జట్లకూ చెందనివాడే నిలబడాలి, వాడికి దారి ఖర్చూ, భోజనమూ కమిటీ ఇవ్వాలి.

కాగితంలో మొదట కుర్రవాళ్లను గురించే వ్రాశాను. తరువాత హాలండు సంగతి గుర్తుకువచ్చి చివర ఒక వాక్యం చేర్చాను. 2012 డిసెంబరు 2న అక్కడి అల్మేర పట్టణంలో పిల్లల ఫుట్‌బాల్ ఆట. రిఖార్డ్ నీవెన్‌హైజెన్ అనే నలభై ఒక్క ఏళ్ల తండ్రి గీత పక్కన జెండా పట్టుకొని నిలబడ్డాడు; పైసా పుచ్చుకోకుండా చేసే పని. అతని కొడుకు ఆ జట్టులోనే ఆడుతున్నాడు. ఆట ముగిశాక ఎదుటి జట్టువాళ్లు అతణ్ణి పడవేసి తన్నారు. మరునాడు చనిపోయాడు. ఆ వారాంతంలో దేశమంతటా చిన్న జట్ల ఆటలు ఆపివేశారు. 2013 జూనులో న్యాయస్థానం శిక్షించినవారిలో ఆరుగురు కుర్రవాళ్లతోపాటు వాళ్లలో ఒకని తండ్రి కూడా వున్నాడు. కుర్రవాళ్లకు ఎక్కువలో ఎక్కువ రెండేళ్లు. తండ్రికి ఆరేళ్లు.

మన మైదానం చుట్టూ కుర్చీలు వేసుకొని కూర్చొనే మనల్ని నేను చాలాకాలంగా చూస్తున్నాను. "వాడికి కళ్లు కనపడవా?" అని మొదట అరిచేది కుర్రవాళ్లు కాదు. మనమే. అందుకని చేర్చిన వాక్యం యిది: గీత బయటనుంచి అంపైరును తిట్టిన పెద్దలను కమిటీవారు మైదానం వదిలి వెళ్లమనవచ్చు, వెళ్లేవరకూ ఆట సాగదు. దీనిమీద కార్యవర్గంలో నవ్వులు వినిపించాయి. వయసులో పెద్దవాణ్ణి పొమ్మనడం ఎవరి తరమని ఒకరు, అట్లా అయితే మొదటి ఓవరుకే మైదానం ఖాళీ అని మరొకరు. తీర్మానం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

శిక్ష అనుభవించి తిరిగి వచ్చే కుర్రవాడి సంగతి కూడా వ్రాశాను. మళ్లీ బ్యాటు పట్టుకొనేముందు వాడు రెండు ఆటలకు అంపైరుగా నిలబడాలన్నాను. అప్పుడు తెలుస్తుంది గదా, ఎండలో నిలబడి క్షణంలో చెప్పవలసిన తీర్పు ఎట్లా వుంటుందో. దీనికి మా ఆవిడ ఒప్పుకోలేదు. "అంపైరుగా నిలబడడం శిక్ష అని మీరే అంటే, యింక మంచి పిల్లలు ఎందుకు వస్తారండీ?" అన్నది. నాకు జవాబు తోచలేదు. ఆ వాక్యం కొట్టివేశాను.

కాగితం నకలు ఒకటి ఆ కుర్రవాడి తల్లికి పంపాను. చదివి నిన్ననే తిరిగి పంపింది. అవుననీ లేదు, కాదనీ లేదు. 'జట్టు తరపున హామీగా సంతకం పెట్టే పెద్దమనిషి' అన్నచోట పెన్సిలుతో గీత గీసి, పక్కన చిన్న అక్షరాలతో 'ఎవరు?' అని వ్రాసింది.